శీతల పానీయాల వైద్యవేషం

ఉగాది వెళ్ళిన పక్షం రోజులకే మా అనంతపురం పీఠభూమిలో ఎండ మనిషిని నిలువనీయదు. వర్షపాతం లెక్కలలో జైసల్మేరు ఎడారి పక్కన చెప్పుకొనే జిల్లా మాది. ఇటువంటి చోట దాహమన్నది మాటవరసకు చెప్పుకొనే సంగతి కాదు. నోరెండిన మనిషికి చల్లగా చేతికందినదల్లా అమృతమే. ఈ రహస్యాన్ని వైద్యులకంటె వర్తకులు బాగా గ్రహించారు. నేడు యాడికి బజారులో కిరాణా అంగడి మొదలు మందుల అంగడి వరకు శీతల పానీయాల అద్దాల పెట్టె లేని చోటు అరుదు.

శీతల పానీయాలు మంచివి కావని చెప్పడానికి ప్రత్యేకంగా ఒక వైద్యుడు కలం పట్టనక్కరలేదు. ఆ మాట తాగేవారికీ తెలుసు. రుచికి లోబడి పెళ్ళిలోనో జాతరలోనో ఒక సీసా తాగినవానితో నాకు పెద్ద తగవు లేదు. తాను చేస్తున్నదేమిటో ఎరిగి చేస్తాడు, మానుకోవాలనుకుంటే రేపు మానుకోగలడు. నా బెంగ అంతా ఆరోగ్యం కోసమని తాగేవారి గురించి, అంతకంటె ముఖ్యంగా ఆరోగ్యం కోసమని పిల్లలకూ రోగులకూ పట్టించేవారి గురించి. జ్వరం తగ్గి లేచినవానికి శక్తి కోసం ఒకటి, అజీర్ణానికి ఒకటి, విరేచనాలకు ఒకటి, పరీక్షలకు చదివే కుర్రవానికి ఒకటి. ఇలా మందు ఉండవలసిన స్థానంలోకి సీసా వచ్చి కూర్చున్నది. అది దానంతట అది వచ్చి కూర్చోలేదు, కూర్చోబెట్టినవారున్నారు.

నిజానికి ఈ పానీయాలు పెరిగినదే మందుల అంగళ్ళలో. 18వ శతాబ్దంలో ఇంగ్లండు దేశస్థుడు జోసెఫ్ ప్రీస్ట్‌లీ నీటిలో బొగ్గుపులుసు వాయువును కలిపే పద్ధతి కనిపెట్టినప్పుడు, ఓడ ప్రయాణీకులను పీడించే స్కర్వీ వ్యాధికి అది పనికివస్తుందని ఆశపడ్డారు. పనికిరాలేదు. 1886లో అమెరికాలోని అట్లాంటా నగరంలో జాన్ పెంబర్టన్ అనే మందుల తయారీదారు కోకాకోలాను తలనొప్పికీ నరాల బలహీనతకూ ఔషధంగా ప్రచారం చేశాడు. పెప్సీని సృష్టించిన కేలెబ్ బ్రాడమ్ కూడా మందుల వ్యాపారే. అజీర్ణానికి ఇంగ్లీషులో ఉన్న 'డిస్పెప్సియా' అనే మాటనుంచి ఆ పేరు పుట్టినది. 1929లో వచ్చిన సెవెనప్‌లో మొదట లిథియం అనే మానసిక వ్యాధుల మందు కలిపేవారు. 1948లో దానిని తీసివేశారు. కాబట్టి నేటి ప్రకటనలలో తెల్లకోటు తొడుగుకొన్న మనుషులు కనబడితే ఆశ్చర్యపడనక్కరలేదు. పాత వేషమే, కొత్త రంగు.

ఇన్ని తరాలు గడిచినా మా ఊళ్ళో విందు భోజనం చేసినవారు "ఒక సోడా తాగితే అరుగుతుంది" అనడం మానలేదు. తాగగానే త్రేనుపు వస్తుంది, నిజమే. అది సీసాలోనుంచి కడుపులోకి పోయిన వాయువు తిరిగి బయటికి రావడమేగాని అన్నం అరిగినదానికి గుర్తు కాదు. పంచదార కలపని వట్టి గోలీసోడా అయితే ఆ త్రేనుపుతో పోతుంది. రంగు సీసా అంత తేలికగా పోదు.

కిందటి వేసవిలో మా మండలంలోని ఒక పల్లె నుంచి రెండేళ్ళ పిల్లవాణ్ణి తెచ్చారు. రెండు రోజులుగా నీళ్ళ విరేచనాలు. కండ్లు లోపలికి పోయినవి. పొట్ట మీద చర్మం పట్టి వదిలితే మడత అలాగే నిలుస్తున్నది. "ఏమి పట్టిస్తున్నారమ్మా?" అని అడిగాను. "చల్లనిదే పట్టిస్తాండాము సామీ. బలానికి మంచిదని అంగట్లో ఇచ్చినారు" అంటూ పిల్లవాని అవ్వ సంచిలోనుంచి అట్టపెట్టెలు తీసి చూపినది. ఏ కంపెనీవో ఇక్కడ అప్రస్తుతం. వాటి మీద పండు బొమ్మ ఉన్నది, పరుగెత్తే బాలుని బొమ్మ ఉన్నది, లోపల ఉన్నది తియ్యని రంగునీరు. ఇది కషాయాలు కాస్తూ జాగు చేయదగిన స్థితి కాదు. వెంటనే తాడిపత్రి ఆసుపత్రికి పంపాను. సెలైను ఎక్కించారు, పిల్లవాడు కోలుకొన్నాడు. ఆ అవ్వది తప్పని నేను అనను. ఆమెకు చదువు రాదు. చదువు వచ్చినవారికైనా ఆ అట్టపెట్టె వెనుక చీమల బారులా ఉన్న అక్షరాలు చదివే ఓపిక ఉండదు. ఆమె నమ్మినది బొమ్మను. ఆ బొమ్మ వేసినది ఆమె నమ్మాలనే.

విరేచనాలలో తీపి పానీయం ఎందుకు కీడు చేస్తుందో తెలుసుకోవడం మంచిది. ప్రేగు గోడల గుండా ఉప్పూ గ్లూకోజూ జంటగా లోపలికి పోతాయి, వాటి వెంట నీరు పోతుంది. ఆ జంట సరైన పాళ్ళలో ఉండవలెను. చక్కెర మితిమీరితే నీరు ఒంటిలోకి పోవడానికి బదులు ఒంటిలోని నీరే ప్రేగులలోకి దిగుతుంది, విరేచనం ఎక్కువవుతుంది. 1971లో బంగ్లాదేశ్ యుద్ధకాలంలో శరణార్థి శిబిరాలలో కలరా చెలరేగినప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబీస్ ఉప్పూ గ్లూకోజూ కలిపిన నీటిని నోటి ద్వారా పట్టించి వేలాదిమందిని బ్రతికించారు. మా శాస్త్రంలో 'మాత్ర' అంటామే, ఔషధపు కొలత, దాని మహిమకు ఇంతకంటె గొప్ప ఉదాహరణ ఆధునిక వైద్యంలో నాకు కనబడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ నేడు చెప్పే కొలత ప్రకారం లీటరు నీటిలో ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోజు 13.5 గ్రాములు, పొటాషియం క్లోరైడు 1.5 గ్రాములు, ట్రైసోడియం సిట్రేటు 2.9 గ్రాములు. దీనినే ఓఆర్ఎస్ అంటారు.

ఈ మూడక్షరాలకు ప్రజలలో ఉన్న నమ్మకాన్ని పెట్టుబడిగా చేసుకొని కొన్ని కంపెనీలు తమ తియ్యని పానీయాల పేర్లలో ఆ అక్షరాలను చొప్పించాయి. మందుల అంగళ్ళలోనే అమ్మాయి. హైదరాబాదుకు చెందిన పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ గారు దీనిని పట్టుకొన్నారు. ఆమె ఎత్తి చూపిన పానీయంలో లీటరుకు సుమారు 120 గ్రాముల చక్కెర ఉన్నది. అంటే ఉండవలసినదానికి దాదాపు తొమ్మిది రెట్లు. ఎనిమిదేండ్ల పాటు ఆమె అధికారులకు ఉత్తరాలు రాశారు, తల్లులకు చెప్పారు, తెలంగాణ హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేశారు. దేశపు ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2022 జూలైలో ఒక విచిత్రమైన మధ్యేమార్గం చూపింది. పేరులో ఓఆర్ఎస్ ఉండవచ్చునట, 'ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన ఓఆర్ఎస్ కాదు' అని ఒక మూల ముద్రిస్తే చాలునట! పాము బుట్ట మీద పూలదండ అని పెద్దక్షరాలతో రాసి, అడుగున పూలదండ కాదని చిన్నక్షరాలతో రాసినట్లు. చివరకు 2025 అక్టోబరు 14న ఆ అనుమతులను ఉపసంహరించింది. కంపెనీలు కోర్టుకు వెళ్ళాయి. హైదరాబాదుకే చెందిన డాక్టర్ రెడ్డీస్ సంస్థ మిగిలిన సరుకునైనా అమ్ముకోనిమ్మని కోరగా, 2025 అక్టోబరు 31న ఢిల్లీ హైకోర్టు అంగీకరించలేదు.

ఒక వైద్యురాలు సాధించిన ఈ విజయానికి నేను నమస్కరిస్తాను. ఆమెది అల్లోపతి, నాది ఆయుర్వేదం. ఇక్కడ ఆ భేదం లేదు. అయితే గృహిణులు ఒక సంగతి మరువకూడదు. పోయినది పేరేగాని పానీయం కాదు. అదే తియ్యని నీరు మరొక పేరుతో, మరొక బొమ్మతో అదే అలమరలో కూర్చోవడానికి అడ్డు లేదు. అసలైన ఓఆర్ఎస్ సాధారణంగా పొడి రూపంలో, పొట్లంలో ఉంటుంది; ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రమని దాని మీద ఉంటుంది; ఎంత నీటిలో కలపవలెనో ఉంటుంది. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలలోనూ ఆశా కార్యకర్తల వద్దనూ ఉచితంగా ఇస్తారు. ఉచితంగా దొరికేదానికి బొమ్మలుండవు గనుక మనవారికి దాని మీద గురి తక్కువ.

ఇక మిగిలిన వేషాలు. 600 మిల్లీలీటర్ల కోలా సీసాలో సుమారు 63 గ్రాముల చక్కెర ఉంటుంది. చెంచాకు 5 గ్రాముల చొప్పున 12 చెంచాలకు పైమాటే. పెద్దవారికైనా విడిగా చేర్చుకొనే చక్కెర రోజుకు 50 గ్రాములు మించరాదని, 25 గ్రాములకు తగ్గించుకొంటే మరీ మేలని 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించినదాని సారాంశం. ఇంట్లో ఎవరైనా కాఫీలో 12 చెంచాల పంచదార వేసుకొంటే మనం ఊరుకొంటామా? పులుపూ చలువా కలిసి ఆ తీపిని నాలుకకు తెలియనీయవు, అంతే తేడా.

పండ్ల పానీయమని అమ్మేదానిలో నూటికి పది పాళ్ళు పండ్ల రసం ఉంటే చట్టం తృప్తి పడుతుంది. నిమ్మకయితే ఐదు పాళ్ళు చాలు. చీనీకాయలకు పేరుమోసిన జిల్లా మాది. బోరుబావుల అడుగు దాకా పోయిన నీటిని తోడి పెంచిన తోటలవి. ధర లేక రైతు కాయను తెగనమ్ముకొంటున్న వారంలోనే, ఆ రైతు కుమారుడు బస్టాండులో నారింజ రంగు నీరు కొని తాగుతాడు. ఇందులో వైద్యమెంత, అర్థశాస్త్రమెంత అని నన్నడిగితే విడదీసి చెప్పలేను.

ఉత్తేజ పానీయాలనే కొత్త జాతి వచ్చింది. 20 రూపాయలకే దొరుకుతుంది గనుక పాఠశాల పిల్లల దాకా పోయింది. ఇందులో లీటరుకు 145 నుంచి 300 మిల్లీగ్రాముల వరకు కెఫీన్ ఉండవచ్చునని, పిల్లలకూ గర్భిణులకూ బాలింతలకూ తగదని సీసా మీద రాయవలెనని నియమం. రాస్తారు. ఎదురుగా ఉరిమే మెరుపు బొమ్మ, వెనుక ఈ హెచ్చరిక. పిల్లవాడు ఏది చూస్తాడో చెప్పనక్కరలేదు. అది ఇచ్చేది శక్తి కాదు, అలసటను కప్పే ముసుగు. రాత్రి నిద్ర చెడుతుంది, మరునాటి అలసటకు మరొక సీసా.

చక్కెర లేనిదన్న రకం మరొకటి. బరువు తగ్గడానికి ఈ కృత్రిమ తీపి పదార్థాల మీద ఆధారపడవద్దని 2023 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. అదే ఏడాది జూలైలో ఆస్పర్టేమును కాన్సరు కారకం కావచ్చునేమోనన్న తరగతిలో చేర్చారు. ఆ తరగతికి నిరూపణ అయినదని అర్థం కాదు, కాబట్టి నేను భయపెట్టదలచుకోలేదు. కానీ తీపి మీద ఆశను తగ్గించకుండా తీపిని మాత్రమే మార్చే ఉపాయం నాకు వైద్యంగా తోచదు.

"కంపెనీలు పరిశోధనలు చూపిస్తున్నాయి గదా" అంటారు చదువుకొన్నవారు. పరిశోధనకు డబ్బు ఎవరిచ్చారని అడగవలెను. 1967లో ఒక ప్రఖ్యాత అమెరికా వైద్య పత్రికలో, గుండె జబ్బుకు దోషం కొవ్వుదేనన్నట్లు, చక్కెర పాత్రను తేలిక చేస్తూ ఒక సమీక్ష వచ్చింది. దాని కోసం చక్కెర పరిశ్రమ హార్వర్డు పండితులకు 6,500 డాలర్లు ముట్టజెప్పినట్లు 2016లో పాత కాగితాల వలన బయటపడింది. 2015లో, ఊబకాయానికి తిండికంటె వ్యాయామ లోపమే ముఖ్యమని చెప్పే ఒక శాస్త్రవేత్తల సంఘం వెనుక కోకాకోలా డబ్బున్నదని వార్త వెలువడగానే ఆ సంఘం ఆ ఏడాదే మూతపడింది. వ్యాయామం మంచిదే, కానీ నడవమని చెప్పే నోటితోనే తాగమని చెప్పేవాని సలహాను ఒకటికి రెండుసార్లు తూచవలెను.

ఇప్పుడు నాకు ఎదురయ్యే ప్రశ్నలకు వస్తాను. "మీ శాస్త్రంలోనే పానకాలు, షర్బతులు ఉన్నాయి గదా?" ఉన్నాయి. చరకుడు గ్రీష్మఋతుచర్యలో శర్కర కలిపిన చల్లని మంథాలు చెప్పినాడు. అదే చరకుడు బెల్లంతో చేసిన పదార్థాలను, కదలని సుఖాన్ని, అతినిద్రను ప్రమేహానికి కారణాలుగా కూడా చెప్పినాడు. మొదటిది ఎండలో శ్రమించి క్షీణించే దేహానికి, ఋతువు చూసి, మాత్ర చూసి చెప్పినది. ఏడాది పొడుగునా నీడలో కూర్చొని తాగమని కాదు. శ్రీరామనవమి పానకం మధుమేహం ఉన్నవారికి తీర్థమంత చాలు.

మా వైపు అంగడిని కూడా వదలను. సీమలో నన్నారి షర్బతుకు పెద్ద ప్రతిష్ఠ ఉన్నది. నన్నారి అంటే సుగంధిపాల వేరు, మా శాస్త్రంలో సారిబ. పిత్తాన్ని శమింపజేసే మంచి మూలిక. కానీ సీసాలో అమ్మే నన్నారి పాకంలో అత్యధిక భాగం పంచదారే. కొన్నిట రంగూ వాసనా తప్ప వేరు జాడ ఉండదు. ఆయుర్వేదమనే ముద్ర వేసినంత మాత్రాన చక్కెర తన గుణం మార్చుకోదు. "విదేశీవి వద్దు, స్వదేశీ పానీయాలు తాగుదాం" అనే మిత్రులకూ ఇదే సమాధానం. గోదావరి సీమలోని రామచంద్రపురం ఆర్టోస్ నూరేండ్లు దాటిన తెలుగు పానీయం. ఆ చరిత్ర మీద నాకు గౌరవమే. రక్తంలోకి పోయిన తర్వాత చక్కెర పుట్టిన ఊరు ఎవరూ అడగరు.

"మా నీళ్ళు ఉప్పన, పైగా ఫ్లోరైడు. సీసా నయం గదా" అన్నది మా ప్రాంతంలో వినవచ్చే వాదం. దీనిని కొట్టిపారవేయలేను. అనంతపురం పల్లెలలో ఫ్లోరైడు నీటి బాధ నిజం. 1990 దశకంలో సత్యసాయి తాగునీటి పథకం జిల్లాలో 700కు పైగా గ్రామాలకు నీరు తెచ్చినది ఆ బాధ చూసే. అయితే చెడ్డ నీటికి విరుగుడు మంచి నీరు. శీతల పానీయాన్ని కూడా ఎక్కడో ఒక ఊరి నీటినే తోడి చేస్తారు. కేరళలో ప్లాచిమడ గ్రామస్థులు తమ బావులు చెడిపోతున్నాయని పోరాడగా 2004లో అక్కడి కోకాకోలా కర్మాగారం ఆగిపోయింది. కరవు నేల మీద ఉన్నవారికి ఆ బాధ మరొకరు వివరించనక్కరలేదు.

అన్నిటికంటె కష్టమైనది మర్యాద. ఒకప్పుడు మా పల్లెలలో ఎవరింటికి పోయినా కాళ్ళకు నీళ్ళు, చేతికి మజ్జిగ చెంబు. ఇప్పుడు వచ్చినవారిని చూడగానే పిల్లవాణ్ణి అంగడికి పరుగెత్తిస్తారు. మజ్జిగ ఇస్తే పిసినారితనమని, సీసా తెస్తే గౌరవమని ఒక లెక్క ఏర్పడినది. పేదవారు మరీ బాధపడి ఖర్చు పెడతారు. వద్దంటే నొచ్చుకొంటారు. నేను "డాక్టరు నాకు వద్దన్నాడమ్మా, మజ్జిగ ఉంటే గ్లాసుడు పోయి" అంటాను. నేనే వైద్యుణ్ణి గనుక అబద్ధమూ కాదు. వారు నవ్వుతారు, లోపలికి పోయి సంతోషంగా చిలికి తెస్తారు. రోగిని చూడటానికి పోయేవారు సీసా మానుకొని నాలుగు చీనీకాయలు పట్టుకొనిపోవడం మొదలుపెడితే, పుచ్చుకొనేవారి లెక్క కూడా మారుతుంది.

అలవాటు పడినవారు ఒక్కసారిగా మానితే తలనొప్పి, చిరాకు కలగవచ్చును. కోలాలో కెఫీన్ ఉన్నది మరి. అలవాటైన అహితాన్ని పాదం పాదంగా, అంటే నాలుగో వంతు చొప్పున విడువవలెనని, విడిచిన పాదం స్థానంలో హితమైనదానిని చేర్చవలెనని చరకుడు చెప్పినాడు. రోజుకొక పెద్ద సీసా తాగేవారు మొదట ముప్పాతికకు దిగి, ఆ పాతికకు పలుచని మజ్జిగ చేర్చుకోండి. రెండు మూడు రోజులాగి సగానికి, మరి రెండు మూడు రోజులకు పాతికకు. పది పన్నెండు రోజులలో సీసా వెళ్ళిపోతుంది. ఇంట్లో నిల్వ పెట్టుకొని మానుదామనుకొనేవారు మానలేరు; ముందు ఫ్రిజ్జు ఖాళీ చేయండి. పిల్లలను కొట్టి తిట్టి మాన్పించవద్దు, పెద్దలు వారి ఎదుట తాగకుండా ఉంటే చాలావరకు పని అవుతుంది.

దాహానికి కుండనీరు మొదటిది. వట్టివేరు చిన్న కట్ట గుడ్డలో కట్టి కుండలో వేస్తే చలువ. కమ్మని పెరుగు ఒక వంతుకు నీరు నాలుగు వంతులు పోసి చిలికి, వెన్న తీసి, జీలకర్ర పొడి, చిటికెడు శొంఠి, కరివేపాకు వేసిన మజ్జిగ మధ్యాహ్నానికి. పొలం పనికి పోయేవారికి రాగి అంబలి, అందులో మజ్జిగ, తగినంత ఉప్పు. రక్తపోటు ఉన్నవారు ఉప్పు తగ్గించుకోవలెను. పిల్లలకు విరేచనాలు పట్టుకొన్నప్పుడు కాచి చల్లార్చిన లీటరు నీటిలో పెద్ద ఓఆర్ఎస్ పొట్లం పూర్తిగా కలిపి చెంచాతో కొద్దికొద్దిగా పట్టించండి. కలిపినది 24 గంటలలో వాడివేయవలెను. తల్లిపాలు ఆపరాదు. అన్నం తినే వయసు పిల్లలకు పేలాల జావ ఇవ్వవచ్చును. పిల్లవాడు మత్తుగా పడి ఉన్నా, మూత్రం రాకపోయినా, విరేచనంలో రక్తం కనబడినా, ఇచ్చినదల్లా వాంతి అవుతున్నా నా వంటి వైద్యుని గడప దగ్గర కూడా ఆగకుండా ఆసుపత్రికి పోవలెను. ఇక మజ్జిగ సంగతి. పొద్దున చిలికినది మా ఎండలకు సాయంత్రానికి పులిసిపోతుంది, మధ్యాహ్నం లోపలే తాగివేయండి.